చెరపని మూడో సిస్టమ్

"నా నోట్సు ఏం చేసినారు?"

విడవలూరు బజార్లోని నెట్ సెంటర్లో తహీర్ ఆ రోజు ఇంకా దుమ్ము కూడా దులపలేదు. అడిగిన అమ్మాయి మూడో సిస్టమ్ ముందు కూర్చుని ఉంది. నిన్న పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అదే కుర్చీలో కూర్చున్న అమ్మాయే. నిన్నంతా కలిపి మాట్లాడింది రెండే మాటలు. "ఇది ఖాళీనా?" అని ఒకటి, "ఫ్యాన్ ఇటు తిప్పుతారా?" అని ఇంకొకటి. ఈ రోజు మాత్రం లెక్కలన్నీ తేల్చుకోవడానికే వచ్చినట్టుంది.

"ఏ నోట్సండీ?"

"నిన్న కాపీ చేసుకున్నవి. బాల మనోవిజ్ఞానం మొత్తం. విండోస్ గుర్తు పట్టుకొని వి నొక్కితే వరసగా వచ్చినాయి. ఇప్పుడు నొక్కితే ఏమీ లేదంటా ఉంది."

"సేవ్ చేసుకోలేదా?"

"కాపీ చేస్తే అందులోనే ఉంటాయి గదా! అన్నీ చేరినాక ఈ రోజు వర్డ్‌లో వేసుకుందామని వదిలి పోయినా."

తహీర్‌కు సంగతి అర్థమైంది.

అతనికి ఒక అలవాటుంది. రోజూ సాయంత్రం షట్టర్ దించే ముందు ప్రతి సిస్టమ్ దగ్గరా కూర్చుని, ఆ రోజు అక్కడ ఎవరెవరు ఏమేం కాపీ చేశారో అంతా చెరిపేస్తాడు. రొయ్యల చెరువుల రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, పాస్‌వర్డ్‌లు, అలిగిన భార్యకు ఎవరో రాసుకున్న మెసేజీలు, అన్నీ. ఒకరి గుట్టు ఇంకొకరి కంట పడకూడదని అతని పట్టుదల. చదవకుండానే చెరిపేస్తాడు. అందుకే ఊళ్ళో ఎవరికీ అతని దగ్గర కూర్చోవడానికి భయం ఉండదు.

"రోజూ సాయంత్రం చెరిపేస్తానండీ. అందరివీ."

"అందరివీ అంటే? నావి కూడానా?"

"మీరు కూడా అందరిలో ఒకరే గదా."

ఆ మాట నోరు దాటిన మరుక్షణమే వెనక్కి తీసుకోవాలనిపించింది. కానీ నోటి మాటకు అన్‌డూ ఉండదు. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి చూసింది. ఆ కళ్ళు కోపంలో కూడా బాగున్నాయని తహీర్‌కు తోచింది. అలా తోచినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"ఏంట్రా గలాటా?" గుమ్మం పక్కన కుర్చీలో తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్న జైతూన్‌బీ అడిగింది. తహీర్‌కు అవ్వ, తండ్రికి తల్లి. అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది ఆమే. షాపుకు యజమాని తహీరే అయినా, పెత్తనం ఆమెది.

"మీ మనవడు నా చదువంతా ఊడ్చి పారేసినాడు అవ్వా."

"వాడికి ఊడవడం తప్ప ఏం తెలుసమ్మా. ఇంట్లో కూడా అంతే. నేను దాచిపెట్టిన వక్కపలుకులు చెత్తలో వేసినాడు మొన్న."

"హిస్టరీలో చూద్దాం ఉండండి. ఏ ఏ పేజీలు చూసినారో దొరుకుతాయి," అన్నాడు తహీర్ కంగారుగా మౌస్ అందుకుని. బ్రౌజర్ తెరిచాడు. ఆగిపోయాడు.

"ఏమైంది?"

"అది కూడా చెరిపేసినా."

ఒక్క క్షణం ఆ అమ్మాయి అతని మొహంలోకి చూసింది. తర్వాత ఆపుకోలేక నవ్వింది. జైతూన్‌బీ కూడా నవ్వింది. తహీర్ మాత్రం చెవులదాకా ఎర్రబడ్డాడు.

ఆమె పేరు ఫర్జానా. బిట్రగుంట రైల్వే కాలనీ పక్కన పరుపుల షాపు నడిపిన నాగుల్ మీరా కూతురు. అక్కడ వ్యాపారం తగ్గడంతో ఆయన ఈ మధ్యనే కుటుంబంతో విడవలూరు వచ్చి, బజారు చివర షాపు పెట్టుకున్నాడు. ఫర్జానా బీఈడీ అయింది. టెట్ రాయబోతోంది. ఫోన్లో చదువుదామంటే వాట్సాప్ ఊరుకోనివ్వదు, ఇంట్లో చదువుదామంటే దూది ఏకే మిషను చప్పుడు. అందుకని నెట్ సెంటర్ వెతుక్కుంటూ వచ్చింది.

ఆ రోజంతా తహీర్ తన పని పక్కనపెట్టి, ఆమెకు గుర్తున్నవన్నీ మళ్ళీ వెతికి ఇచ్చాడు. మధ్యలో పట్టాదారు పాసుపుస్తకం జెరాక్సు కోసం వచ్చినవాళ్ళు విసుక్కుని పోయారు. సాయంత్రానికి ఒక కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి మూడో సిస్టమ్‌లో వేశాడు.

"ఇది చూడండి. మీరు కాపీ చేసిన ప్రతి ముక్కా ఇందులో చేరతది. కరెంటు పోయినా పోదు. ఫోల్డర్లు చేసుకోవచ్చు, దేనికి దానికి పేరు పెట్టుకోవచ్చు. ఒక్క మాట కొడితే వెతికి ఇస్తది. ముఖ్యమైనదానికి పిన్ కొట్టుకోండి. పిన్ కొట్టింది ఊరికే చెరిగిపోదు. పేరు చూసుకుని ఒక్కోటీ చేత్తో తీయాల్సిందే."

"మీరు చెరిపితే?"

"మూడో సిస్టమ్ జోలికి రాను."

"చూస్తే?"

"చూడను. అనుమానంగా ఉంటే పాస్‌వర్డ్ పెట్టుకోండి."

ఫర్జానా ఆలోచించింది. "మీరు చూడనన్నారు గదా?"

"చూడను."

"ఇంక పాస్‌వర్డ్ ఎందుకు?"

ఆ మాటతో తహీర్ పని అయిపోయింది. కొందరు మల్లెపూలు చూసి పడిపోతారు, కొందరు పట్టీల చప్పుడు విని పడిపోతారు. ఇతను పాస్‌వర్డ్ అక్కర్లేదన్న మాటకు పడిపోయాడు.

ఆ తర్వాత ఫర్జానా రోజూ వచ్చేది. వాయుగుండాల కాలం అది. ఒక పక్క సముద్రం మీద నుంచి మబ్బులు తోసుకొస్తుంటే, ఇంకో పక్క ఆమె స్కూటీ వచ్చి ఆగేది. తలమీద చున్నీ సర్దుకుంటూ, గుమ్మంలో "సలాం అవ్వా" అని పలకరించి, తిన్నగా మూడో సిస్టమ్ దగ్గరికి వెళ్ళేది.

ఆమె నోట్సు రాసే తీరు వేరు. ఒక పేరా కాపీ చేస్తుంది. పెదాలు కదుపుతూ చదువుతుంది. అందులో అక్కర్లేని మాటలు తీసేసి, మళ్ళీ కాపీ చేసి, ఫోల్డర్లో వేసి పేరు పెడుతుంది. ఆ పేర్లు పైకే చదివేది.

"తహీర్ గారూ, దీనికి ఏం పేరు పెట్టినానో చెప్పుకోండి. 'ఇది మరిచిపోతే నేను టీచర్ని కాదు.'"

"బాగుంది."

"ఇంకోదానికి 'ఎవడు కనిపెట్టినాడో గానీ నా ప్రాణం తీసినాడు' అని పెట్టినా."

"పరీక్షలో అట్లా రాయకండి."

"రాస్తే మార్కులు వేస్తారు. పేపర్ దిద్దేవాళ్ళకి కూడా వాడి మీద కోపముంటది."

"ఆన్‌లైన్ పరీక్ష గదా. దిద్దేది కంప్యూటరు."

"ఐతే మీకు చెప్పి వేయిస్తా. మీ మాట వింటది గదా."

ఇలా ఉండేవి కబుర్లు. తహీర్ పాత ప్రశ్నపత్రాలు తెరిచి తన సిస్టమ్ నుంచి ప్రశ్నలు అడిగేవాడు, ఆమె తన కుర్చీలోంచి జవాబులు చెప్పేది. జెరాక్స్ మిషను మూడో సిస్టమ్‌కు వెనకాల ఉంది. దాని దగ్గరికి వెళ్ళాలంటే ఫర్జానా వెనక నుంచే పోవాలి. అలా పోయినప్పుడల్లా తహీర్ మొహం గోడవైపు తిప్పుకుని నడిచేవాడు. ఒకసారి స్టూలు తన్నుకుని పడబోయాడు కూడా.

"మెడ పట్టేస్తది మీకు," అంది ఫర్జానా.

"చూడనని చెప్పినా గదా."

"స్క్రీన్ చూడనన్నారు. నన్ను చూడనని అనలేదు గదా?"

తహీర్ గబగబా జెరాక్స్ మిషను దగ్గరికి నడిచాడు. అతను ఆ రోజు తీసిన జెరాక్సులన్నీ తల్లకిందులుగా వచ్చాయి.

పెద్ద వాన పట్టిన రోజు మూడో సిస్టమ్ మూలన పైకప్పు కారింది. మర్నాడు ఫర్జానా వచ్చేసరికి ఆమె సిస్టమ్ కిటికీ దగ్గరికి జరిగింది. తహీర్ బల్ల ఆ కారే మూలకు వచ్చింది. అతని నెత్తిన చుక్క చుక్కగా పడుతోంది.

"ఇదేంది, ఇటు వచ్చినారు?"

"ఇక్కడ గాలి బాగా వస్తది."

ఫర్జానా పైకి చూసింది, అతని తడిసిన జుట్టు చూసింది. కూర్చుని ఏదో టైప్ చేసి, కాపీ చేసి, దాచుకుంది. ఆ రోజు దాని పేరు మాత్రం పైకి చదవలేదు.

జైతూన్‌బీ ఇదంతా గుమ్మం దగ్గర నుంచి చూస్తూనే ఉంది. "రేయ్, నీ టీ మళ్ళీ చల్లారిపోయింది," అనేది అప్పుడప్పుడు. తహీర్ టీ తెప్పించుకోవడం, తాగడం మరిచిపోవడం రోజూ ఉన్నదే. ఈ మధ్య మరీ ఎక్కువైంది.

పరీక్ష నెల్లూరులో. ముందురోజు సాయంత్రం ఫర్జానా బ్యాగు సర్దుకుని లేచింది.

"ఇంక నా పని అయిపోయింది తహీర్ గారూ. ప్రింట్లు తీసుకున్నా. మూడో సిస్టమ్ ఖాళీ చేసేయండి."

"ఇప్పుడేం తొందర?"

"మీ అలవాటు ప్రకారం చెరిపేయండి. పిన్ కొట్టినవి ఒక్కోటీ పేరు చూసి తీయాలి. చాలా ఉండాయి. మీకు కొంచెం శ్రమ." అలా అని, ఏదో ఇంకా చెప్పబోయి, చున్నీ కొస వేలికి చుట్టుకుని, నవ్వి వెళ్ళిపోయింది.

పాఠకులకు చెప్పడంలో తప్పు లేదు. ఫర్జానా ఫోల్డర్లలో చివరిదాని పేరు 'తహీర్'. పెద్ద పిన్ కూడా కొట్టింది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఈ దారి వెతుక్కుంది. ఎలాగూ ఈ మనిషి సాయంత్రం కాగానే అన్నీ చెరుపుతాడు. చెరపాలంటే పేరు చూడాలి. తన పేరే కనబడితే తెరవకుండా ఉంటాడా? లెక్క బాగానే ఉంది. కాకపోతే ఆ లెక్కలో ఒక్క సంగతి ఆమెకు తెలియదు.

ఆ సాయంత్రం తహీర్ ఒకటో సిస్టమ్ చెరిపాడు. రెండోది చెరిపాడు. నాలుగోది చెరిపాడు. మూడోదాని ముందు కూర్చుని మౌస్ మీద చెయ్యి పెట్టాడు. ఇన్ని వారాలు ఆమె కూర్చుని ఏరుకున్నవన్నీ ఇందులో ఉన్నాయి. ఇవి పోతే, ఆ కుర్చీలో ఆమె కూర్చున్నదనడానికి ఏం మిగులుతుంది? చెయ్యి కదల్లేదు. ఫోల్డర్ తెరవనైనా తెరవకుండా, లేచి స్విచ్ కట్టేశాడు. మర్నాడు దానిమీద 'రిపేరు' అని కాగితం అంటించాడు.

పరీక్ష అయ్యాక ఫర్జానా వచ్చింది. ఆ రోజు గుమ్మంలో ఆమె అడుగే కొత్తగా ఉంది. చేతిలో మిఠాయి పొట్లం. అవ్వకు ఇచ్చింది. తహీర్ ఎదురుగా నిలబడింది.

"ఎట్లా రాసినారు?" అన్నాడతను.

"బాగానే రాసినా. నేను చెప్పిన పని చేసినారా? మూడో సిస్టమ్?"

తహీర్ 'రిపేరు' కాగితం కనబడకుండా అడ్డంగా జరిగాడు. చెరపలేదంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే అసలు సంగతంతా చెప్పాలి. రోజంతా ఊళ్ళోవాళ్ళ దరఖాస్తులు టైప్ చేసేవాడికి, తన దరఖాస్తు దగ్గరికి వచ్చేసరికి ఒక్క అక్షరం తోచలేదు.

"ఆఁ. చెరిపేసినా."

"అన్నీనా?"

"అన్నీ."

"ఒక్కోటీ తీసినారా?"

"ఆఁ... ఒక్కోటే."

ఫర్జానా ఎదురుచూసింది. ఆమె కళ్ళలో ఏదో ఆశ ఉంది. అదేమిటో తెలియక తహీర్ చెమటలు తుడుచుకున్నాడు.

"నన్నేమైనా అడగాలా మీరు?"

"అడగడానికేముంది..." నాలుక తడబడింది. "ఆ యూపీఎస్ బ్యాటరీ వీక్ అయింది. కొత్తది వేయించాలి."

ఫర్జానా మొహంలో వెలుగంతా ఒక్కసారిగా ఆరిపోయింది. "వేయించండి," అంది మెల్లగా. "మంచి బ్యాటరీ వేయించండి." గుమ్మం దాటి, వానలోనే స్కూటీ తీసింది.

"రేయ్," అంది జైతూన్‌బీ చాలాసేపటికి. "ఆ పిల్ల ఏడుస్తా పోయింది. ఏమన్నావురా?"

"యూపీఎస్ గురించి చెప్పినా అవ్వా."

జైతూన్‌బీ తస్బీ ఆపి, మనవణ్ణి ఎగాదిగా చూసి, మళ్ళీ తిప్పుకోవడం మొదలుపెట్టింది. ఈసారి దువా కాస్త గట్టిగానే చదివింది.

ఫర్జానా మళ్ళీ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడో సిస్టమ్ మీద 'రిపేరు' కాగితం అలాగే ఉంది. "ఏందబ్బా, ఇంకా రిపేరేనా? నెల్లూరు తీసుకుపోయి చూపించకూడదా?" అని వచ్చినవాళ్ళంతా అడిగేవాళ్ళు. "పార్టు దొరకడం లేదు," అనేవాడు తహీర్. అబద్ధమేమీ కాదు.

ఒకరోజు మధ్యాహ్నం, ఆకాశం నల్లగా మూసుకున్న వేళ, గొడుగు దులుపుకుంటూ నాగుల్ మీరా లోపలికి వచ్చాడు. మీసాల మీద దూది, చొక్కా మీద దూది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఫర్జానా ఫోటో.

"సలాం పెద్దమ్మా," అని జైతూన్‌బీకి చెప్పి, తహీర్ పక్కన కూర్చున్నాడు. "అబ్బయ్యా, మా అమ్మాయికి బయోడేటా ఒకటి చెయ్యాల. చిల్లకూరు సంబంధం వచ్చింది. హైవే మీద లారీల స్పేర్ పార్టుల షాపంట. శుక్రవారం వస్తామంటా ఉండారు. ముందు బయోడేటా వాట్సాప్‌లో పెట్టమన్నారు."

పార్టులు అమ్మేవాడే దొరికాడన్నమాట. తహీర్ గుండె జారి చెప్పుల్లో పడింది.

"అమ్మాయి... ఒప్పుకున్నదా?"

"ముందు వద్దనింది. మొన్న పరీక్ష రాసి వచ్చినాక ఏమైందో ఏమో, నీ ఇష్టం నాయనా అనింది."

ఇంక దిక్కు లేదు. పేరు: షేక్ ఫర్జానా. తండ్రి పేరు: నాగుల్ మీరా. ఇలాంటివి వందలు కొట్టిన వేళ్ళు ఇవాళ ఒక్కో అక్షరానికీ రెండుసార్లు వెనక్కి పోతున్నాయి. చదువు దగ్గరికి వచ్చారు.

"మార్కుల పర్సంటేజీలు ఎంతండీ?"

"అయ్యన్నీ నాకేం తెలుసబ్బా. ఉండు, అడుగుతా." నాగుల్ మీరా ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "ఫర్జానా, నీ చదువు వివరాలు చెప్పమ్మా. తహీర్ షాపులో ఉండా."

అవతలి నుంచి పొడిగా జవాబు వచ్చింది. "అవన్నీ అక్కడ మూడో సిస్టమ్‌లో దాచుకున్నా నాయనా. తహీర్ గారు చెరిపేసినారు."

తహీర్ ఫోన్ వైపు చూశాడు. ఇంక ఆ అబద్ధం మోయడం అతని వల్ల కాలేదు.

"చెరపలేదండీ," అన్నాడు.

"...ఏంది?"

"చెరపలేదు. ఉండాయి. మీరు పెట్టినవి పెట్టినట్టే ఉండాయి."

"ఒక్కోటీ చూసి తీసినానని చెప్పినారు గదా!"

"అబద్ధం చెప్పినా. ఒక్కటి కూడా చూడలేదు. ఫోల్డరే తెరవలేదు. మీ పరీక్షకు ముందురోజు నుంచి ఆ సిస్టమే ఆన్ చెయ్యలేదు."

"తెరవలేదా?" ఫర్జానా గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "అసలు చదవనే లేదా? ఇన్ని దినాలూ నేను... యా అల్లా!"

"ఏందమ్మా, ఏమైంది?" నాగుల్ మీరాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఉండాయంటా ఉండాడు గదా, మంచిదే. అబ్బయ్యా, ఆ సిస్టమ్ తెరిచి చూడు, పర్సంటేజీలు ఏసేద్దాం."

"ఆమె చెప్తేనే తెరుస్తా అండీ. మాటిచ్చినా."

"చెప్పమ్మా, తెరవమని."

"తెరవొద్దు!" ఫోన్లోంచి వచ్చిన కేకకు జైతూన్‌బీ తస్బీ చేజారింది. "నాయనా, ఎవ్వరూ తెరవొద్దు! నేను వస్తా ఉండా!"

బయట వాన ఒక్కసారిగా కుమ్మరించింది. బజారు కనబడనంత వాన. ఆ వానలోంచి స్కూటీ హారన్ వినబడింది. ఫర్జానా నిలువునా తడిసి గుమ్మంలో నిలబడింది. ఊపిరి ఎగపోస్తోంది. తండ్రిని చూసింది, అవ్వను చూసింది, మూడో సిస్టమ్ మీద 'రిపేరు' కాగితం చూసింది. చివరికి తహీర్‌ను చూసింది.

"ఎందుకు చెరపలేదు?"

"చెయ్యి రాలేదు."

ఆమె మూడో సిస్టమ్ దగ్గరికి నడిచింది. కాగితం పీకేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. సిస్టమ్ ఆన్ చేసింది. "బయోడేటా నేనే చేస్తా నాయనా. నువ్వు వచ్చి ఇక్కడ కూర్చో."

ఆమె ఫోల్డర్ తెరిచిందో లేదో, పైన ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టింది.

"బ్యాటరీ వీక్ అండీ," అన్నాడు తహీర్ దీనంగా. "ఎక్కువసేపు రాదు."

"తెలుసు. చెప్పినారు గదా మొన్న." ఫర్జానా ఖాళీ పేజీ తెరిచి, పిన్ కొట్టిన చివరి ముక్కను అందులో పేస్ట్ చేసింది. "చదువు నాయనా."

నాగుల్ మీరా కళ్ళజోడు మీద దూది తుడుచుకుని, స్క్రీన్ దగ్గరికి వంగాడు. ఆయన చదివితే ఒక్కో అక్షరాన్నీ చేత్తో తడిమినట్టు చదువుతాడు.

"నాకు... కావలసిన... మనిషి. ఆఁ, వరుడి వివరాలు. మంచిది. టీ తెప్పించుకుని... తాగడం మరిచిపోతాడు. పక్కన ఒకరుండి... గుర్తు చెయ్యాలి. ఏందమ్మా ఇది? ఇట్టాంటివి గూడా రాస్తారా?"

"చదువు నాయనా, కరెంటు లేదు."

"వాన కారే మూల నాకు రాకుండా... తన బల్ల అక్కడికి జరుపుకున్నాడు. అడిగితే... గాలి బాగా వస్తుందని... అబద్ధం చెప్పాడు."

"వాడికి అబద్ధం గూడా సరిగ్గా రాదు," అంది జైతూన్‌బీ గుమ్మం దగ్గర నుంచి. ఆమెకు మొదటి ముక్కలోనే అంతా తెలిసిపోయింది.

నాగుల్ మీరాకు ఇంకా తెలియలేదు. "ఊరందరి గుట్టూ... అతని చేతిలోంచే పోతుంది. ఒక్కటీ... నోట్లోంచి రాదు. చూడనని నాకు మాటిచ్చాడు. నా వెనక నుంచి పోయేటప్పుడు... గోడవైపు తిరిగి... నడుస్తాడు..."

ఆయన ఆగాడు. ఇలాంటి మనిషి ఎవరబ్బా అన్నట్టు తలెత్తి చూశాడు. ఎదురుగా తహీర్ ఉన్నాడు. స్క్రీన్ తెరిచినప్పటి నుంచీ బుద్ధిగా గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చెవులు మాత్రం మూసుకోలేదు. చెవుల గురించి అతను మాటివ్వలేదు. వెనక నుంచి చూస్తే ఆ చెవులు దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి.

నాగుల్ మీరా కూతురి వైపు చూశాడు, గోడవైపు చూశాడు. మళ్ళీ స్క్రీన్ మీదికి వంగాడు. "ఇంకా ఒక వరస ఉన్నట్టుందే..."

యూపీఎస్ చివరిసారి కీచుమని చచ్చిపోయింది. స్క్రీన్ నల్లబడింది.



"చివర్లో ఏముందమ్మా?" అడిగాడు నాగుల్ మీరా. గొంతులో కోపం లేదు. అలాగని నవ్వు కూడా లేదు.

ఫర్జానా నల్లబడిన స్క్రీన్ వైపు చూసింది. ఎదురుగా చెప్పలేకే గదా ఇన్నాళ్ళూ ఫోల్డర్లో దాచుకుంది. ఇప్పుడు దాచుకోవడానికి ఫోల్డరూ లేదు, స్క్రీనూ లేదు. లేచి నిలబడింది.

"ఆయన పేరు తహీర్ అని ఉంది నాయనా. నాకు ఆయనంటే చానా ఇష్టం. చిల్లకూరోళ్ళు మంచోళ్ళే అయ్యుంటారు. కానీ నాకు ఈయనే కావాల. నీకు ఇష్టం లేకపోతే చెయ్యొద్దు, కానీ ఇంకొకరిని చేసుకోమని మాత్రం అడగొద్దు."

నాగుల్ మీరా తల పంకించాడు. "అబ్బయ్యా, గోడ బాగానే ఉందిలే, ఇటు తిరుగు. నువ్వేమంటావు? ఇప్పుడన్నా నోరు తెరుస్తావా?"

తహీర్ తిరిగాడు. ఎవరి మాటలూ కాపీ చేయడానికి లేని చోట, మొదటిసారి తన మాట తను చెప్పాడు.

"మొదటి రోజు ఈమెను నేను, మీరు కూడా అందరిలో ఒకరే గదా అన్నా. అంతకన్నా అబద్ధం ఇంకోటి లేదండీ. అందరివీ చెరిపినా. ఈమెది చెరపలేకపోయినా. ఫర్జానా అంటే నాకు ప్రాణం. మీరు ఒప్పుకుంటే బాగా చూసుకుంటా."

ఫర్జానా చున్నీతో కళ్ళు తుడుచుకుంది. తడిసిన చున్నీ కాబట్టి ఏమీ ఉపయోగం లేకపోయింది.

నాగుల్ మీరా చాలాసేపు మీసం మీద దూది ఏరుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత జైతూన్‌బీ వైపు తిరిగాడు. "ఏం పెద్దమ్మా? నీకు తెలుసునా ఇది?"

"ఈ షాపుకొచ్చి పోయే కుక్కకు గూడా తెలుసు మీరా. తెలియంది వీళ్ళిద్దరికే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"పిల్లోడి తరఫున నేను రావాల గదా నీ ఇంటికి, పద్ధతి ప్రకారం. వీడు నోరు తెరిస్తే గదా నేను చెప్పులు వేసుకునేది!"

అప్పుడు నవ్వాడు నాగుల్ మీరా. లేచి, ప్లాస్టిక్ కవర్లోని కూతురి ఫోటో తీసి, చిల్లకూరుకు పంపాల్సిన ఆ ఫోటోను జైతూన్‌బీ చేతిలో పెట్టాడు.

"ఇంక నాకేం బయోడేటా అక్కర్లేదు. చిల్లకూరోళ్ళకు, మా ఊళ్ళో కరెంటు లేదు, వేరే సంబంధం చూసుకోమని చెప్తా. శుక్రవారం నువ్వే రా పెద్దమ్మా. బిర్యానీ చేయిస్తా."

"బిస్మిల్లా," అంది జైతూన్‌బీ, ఫోటోను కళ్ళకద్దుకుని. "రేయ్, ఇప్పుడన్నా మామకు టీ తెప్పించరా."

టీ వచ్చింది. తహీర్ తన గ్లాసు పక్కన పెట్టి, షరా మామూలుగా మరిచిపోయాడు. ఫర్జానా దాన్ని తీసి అతని చేతిలో పెట్టింది. అతను వేడివేడిగా తాగి నాలుక కాల్చుకున్నాడు.

సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. కరెంటు వచ్చింది. మామా అల్లుళ్ళు కాబోయేవాళ్ళు కాసేపు కొత్త బ్యాటరీ గురించి మాట్లాడుకున్నారు. వెళ్ళేముందు ఫర్జానా మూడో సిస్టమ్ ఆన్ చేసి, కుర్చీ అతనివైపు తిప్పింది.

"ఇప్పుడు చూడొచ్చు. మొత్తం చదువుకోండి."

తహీర్ చదివాడు. రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత ఒకటో సిస్టమ్, రెండో సిస్టమ్, నాలుగో సిస్టమ్ ఎప్పటిలాగే చెరిపేసి, మళ్ళీ వచ్చి మూడోదాని ముందు కూర్చున్నాడు. చాలాసేపు ఆలోచించి ఒక వాక్యం టైప్ చేశాడు. దాన్ని కాపీ చేసి, ఆమె రాసినదాని కిందే పెట్టి, పిన్ కొట్టాడు. రేపు పొద్దున ఆమె వస్తుంది, చూస్తుంది.

ఏం రాశాడని నన్నడక్కండి. అది ఫర్జానా ఫోల్డర్. ఆమె చెప్తే తప్ప తెరవకూడదు.